బంగారు భరిణెలో బూజు

కృష్ణశిలా నగరపు పొలిమేరలో, నల్లరాతి కొండల నడుమ నుంచి సూర్యబింబం కుంకుమరాశిలా పైకి లేస్తున్న వేళ, బాటసారుల సత్రం అరుగుమీద కూర్చుని కేతకి బంగారు భరిణె మూత తీసింది. తీసి, కొయ్యబొమ్మలా ఉండిపోయింది.

భరిణె చూడముచ్చటగా ఉంది. మూతమీద కెంపులు పొదిగిన నెమలి, అంచుల వెంట ముత్యాల వరస, లోపల పచ్చపట్టు మెత్త. ఆ మెత్తమీద పడుకోబెట్టిన సన్నాయి పీకలు మాత్రం చచ్చిన పురుగుల్లా ఉన్నాయి. తేనెరంగులో మెరవవలసిన రెల్లు మీద బూడిదరంగు బూజు నూగులా మొలిచింది. పెదవుల మధ్య ఇమిడే పలుచని అంచులు నల్లబడి, ఉబ్బి, దేనికది విడిపోయాయి. పుల్లని కంపు ఒకటి గుప్పున ముఖాన కొట్టింది.

"తిప్పనా!"

ఆ కేకకు సత్రం చూరులోని పావురాలు రివ్వున లేచిపోయాయి. బావి దగ్గర ముఖం కడుక్కుంటున్న తిప్పన చెంబు అక్కడే వదిలి పరుగున వచ్చాడు. తాటిమాను లాంటి మనిషి. కుంభినీనది మీద పుట్టి, నడక రాకముందే తెడ్డు పట్టినవాడు. డోలు వాయించడం రాకపోయినా డోలు మెడకు తగిలించుకుని ఊరూరా తిరుగుతున్నాడంటే దానికి కారణం ఎదురుగా కూర్చున్న ఆ సన్నాయి విద్వాంసుడే. అంటుమీసం, జరీతలపాగా, చెవులకు పోగులు. ఆ వేషం కింద ఉన్నది కుంభినీరాజ్యపు రాకుమారి కేతకి.

ఆమె తండ్రి మణిధర మహారాజు నోట మాట పోయింది. కృష్ణశిలను ఏలుతున్న మాంత్రికుడు కరాళకంఠుడు రాయబారి వేషంలో వచ్చి, నిండు సభలో ఆయన గొంతును పెరికి ఒక శంఖంలో బంధించి ఎత్తుకుపోయాడు. తన సొంత నగరంలోని ప్రజల గొంతులన్నీ వాడు అంతకుముందే శంఖాల పాలు చేశాడు. ఈ రోజు సూర్యాస్తమయానికి ఆ శంఖాలన్నిటినీ హోమగుండంలో వేస్తాడు. అవి కాలిపోతే ఆ గొంతులన్నీ వాడి మంత్రానికి బలమై, ఇక ఎన్నటికీ తిరిగిరావు. కంచురెల్లు కాడతో చేసిన పీక తొడిగి, కుంభినీ రాజవంశపు సన్నాయి ఊదితే తప్ప ఆ శంఖాలు పగలవు. ఆ పీకలను చెక్కింది కేతకి తల్లి. ఆమె ఇప్పుడు లేదు.

"ఇవి దీంట్లోకి ఎవడు మార్చాడు?" అంది కేతకి.

"నేనేనమ్మా. హరిద్రానగరంలో కచేరీ కాగానే విలాసవర్మ మహారాజు మీకు ఈ భరిణె బహుమానం ఇచ్చారు కదా. రాజుగారిచ్చిన బంగారం ఉండగా ఆ పాత వెదురుగొట్టంలో ఎందుకని..."

"ఎందుకనా? ఊది అప్పుడే తీసిన పీకల్ని, తడి తడిగా ఉన్నవాటిని, దీంట్లో పెట్టి మూత బిగించావా? ఆ వెదురుగొట్టం ఏది?"

"పురుగులు తొలిచి ఒళ్ళంతా బొక్కలు పడింది కదమ్మా, ఏట్లో పారేశాను."

"పురుగులు తొలిచినవి కావురా అవి! మా అమ్మ సూది కాల్చి పొడిచినవి! పీకకి గాలి ఆడాలని!" కేతకి ఒక్క దూకున అరుగు దిగింది. "పీకంటే నగ అనుకున్నావా పెట్టెలో పెట్టి దాచడానికి? ఊదినంతసేపూ మనిషి నోటి తడి తాగుతుంది అది. ఊదడం కాగానే ఈక దూర్చి లోపలి తడి తియ్యాలి. గుడ్డతో అద్దాలి. నీడన పెట్టి గాలికి ఆరనివ్వాలి. ఎండ తగిలితే పగులుతుంది. గాలి తగలకపోతే ఇదిగో, ఇలా కుళ్ళి చస్తుంది! అంచుమీద వేలు పడకుండా చంటిపిల్లల్లా చూసుకున్నాను వీటిని. ఒకే పీక అరిగిపోకుండా మార్చి మార్చి ఊదాను. మా అమ్మ చేతి కత్తిగాట్లు వీటిమీద ఉన్నాయి తిప్పనా! మళ్ళీ ఎవరు చెక్కిస్తారు నాకు?"

తిప్పన ముఖం ముందు పాలిపోయింది. తర్వాత ఎర్రబడింది.

"తప్పు నాదే. తిట్టండి, పడతాను. కానీ ఒక్కమాట అడుగుతాను దొరసానీ. బయల్దేరిన నాటి నుంచి సన్నాయి ముట్టుకోకు, సంచి ముట్టుకోకు అనడమేగానీ, ఎందుకు ముట్టుకోకూడదో ఒక్కసారైనా చెప్పారా? మోయడానికి మాత్రం నేను కావాలి. చెప్పడానికి మాత్రం నేను మనిషిని కాదా?"

అడిగినది నిజమే కావడంతో కేతకి కోపం రెట్టింపయింది. భరిణె ఎత్తి, బలమంతా కూడదీసుకుని బావిగట్టుకేసి కొట్టింది. కెంపుల నెమలి ముక్కలై ఎగిరింది. మూత రెండు రేకులుగా విడిపోయింది. ఆ రేకుల మధ్య నుంచి తడినాచు ముద్ద ఒకటి జారి నేలమీద పడింది. దాని నిండా బూడిదరంగు పొడి. చూస్తుండగానే ఆ పొడి తగిలిన గడ్డిపరక నల్లబడి వాలిపోయింది.

ఇద్దరూ వంగి చూశారు.

"ఇది బహుమానం కాదు," అంది కేతకి నెమ్మదిగా. "కావాలని చేయించినది. మనం ఎవరమో వాడికొక్కడికే చెప్పాను. నాన్నగారి స్నేహితుడని నమ్మి చెప్పాను. నా రెండు చేతులూ పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు, తిప్పనా. మీ నాన్న నాకు అన్నలాంటివాడు తల్లీ అన్నాడు."

మాట ముగియకముందే నేల అదిరింది. బాట మలుపులో పచ్చతలపాగాల గుర్రపురౌతులు దుమ్ము రేపుకుంటూ దూసుకువస్తున్నారు. హరిద్రానగరపు సైనికులు!

"అమ్మా, కొండవాలుకి!" అన్నాడు తిప్పన.

మొదటి రౌతు బల్లెం ఎత్తేలోగా తిప్పన బావిగిలక తాడు విసిరి వాడి నడుముకు చుట్టి లాగాడు. వాడు గుర్రంమీద నుంచి ఎగిరి బావిలో పడ్డాడు. రెండోవాడి కత్తివేటుకు డోలు అడ్డం పెట్టాడు. కత్తి డోలు కట్టెలో దిగబడి ఇరుక్కుపోయింది. ఆ డోలుతోనే వాడి దవడ పగలగొట్టాడు. కేతకి సన్నాయిని నడుముకు బిగించి, పాడైన పీకల నుంచి రెల్లును బిగించే రాగి గొట్టం ఒకటి పీకి ఉత్తరీయపు కొంగున ముడివేసుకుని, కొండవాలు వెంట దొర్లుకుంటూ దిగింది. పైనుంచి బాణాలు ముళ్ళవానలా కురుస్తున్నాయి. కింద కృష్ణానుజ అనే కొండవాగు తెల్లని నురగలు కక్కుతూ ఉరకలు వేస్తోంది. ఒడ్డున ఎవరో జాలరి బోర్లించి పోయిన పుట్టి కనిపించింది, తోలు కప్పిన గుండ్రని బుట్టపడవ. వెనకే దిగిన తిప్పన దాన్ని నెత్తిన ఎత్తుకుని, బాణాలకు గొడుగులా పట్టుకుని నీళ్ళలోకి ఉరికాడు. మరుక్షణం ఇద్దరూ అందులో ఉన్నారు.

"తెడ్డు ఏదిరా?"

"లేదమ్మా. చెయ్యి ఉంది."

పుట్టి గిరగిరా తిరిగింది. ఒక బండను ఒరుసుకుని, ఇంకో బండమీదికి ఎక్కి, గాలిలోకి లేచి ధభాలున పడింది. కేతకి తలపాగా పోయింది. అంటుమీసం పోయింది. ఎదురుగా నోరు తెరుచుకుని ఒక ముసలి మొసలి. తిప్పన డోలుకు దిగబడి ఉన్న కత్తిని ఊడబెరికి దాని దవడల నడుమ నిలువునా పెట్టాడు. మొసలి నోరు మూయలేక బుసకొడుతూ వెనక్కి తగ్గింది. వాగు ఒక్కసారిగా రెండు కొండల సందులోంచి దూకి, వాళ్ళను విసిరివేసినట్టు ఒక సరస్సులో వదిలేసింది.

అక్కడ గాలి కూడా అడుగులో అడుగు వేస్తున్నట్టుంది. నీలిమణి పలక పరిచినట్టున్న నీళ్ళు. నీళ్ళ అంచున మనిషిని మించి పెరిగిన రెల్లుదుబ్బులు. పడమటి గాలికి ఆ దుబ్బులు వంగినప్పుడల్లా పాదరసం ఒలికినట్టు మెరుపు. ఆ మెరుపులో ఇంద్రధనుస్సు ముక్కల్లా తూనీగలు. సరస్సు నడిమధ్య ఒక నల్లని రాతిస్తంభం. దానిమీద గూడుబండి అంత పక్షిగూడు. ఆ గూటిమీదికి గొడుగులా వంగిన బండచప్టా ఒకటి.

తిప్పన పుట్టిలోంచి వంగి ఒక రెల్లుకాడ విరిచాడు. విరిచిన చోట కంచురంగు చార కనిపించగానే వాడి ముఖం వెలిగింది.

"దొరసానీ! కంచురెల్లు! ఎంత కావాలో చెప్పండి, మోపులు కట్టేస్తాను!"

"పచ్చిది." కేతకి పళ్ళు బిగించింది. "పచ్చి కాడతో చేసిన పీక ఊదితే కప్ప అరిచినట్టుంటుంది. కోశాక వానా ఎండా నేరుగా తగలకుండా, గాలి మాత్రం తగిలేలా ఏళ్ళ తరబడి ఉంచాలి. అప్పుడే ఆ కాడ గట్టిపడుతుంది. మా అమ్మ వంటింటి అటకమీద..." అని ఆగిపోయింది. మళ్ళీ తిట్టబోయి, ఈసారి తనను తాను ఆపుకుంది. "చెప్పలేదు కదూ నీకు. ఇప్పుడు చెబుతున్నాను. విను."

"వింటున్నానమ్మా," అన్నాడు తిప్పన. వాడి చూపు మాత్రం స్తంభం మీదికి పోయింది. "అయితే ఆ గూడు దేనితో కట్టిందంటారు?"

కేతకి తల ఎత్తింది. గూడంతా రెల్లుకాడలే. పైన బండచప్టా వాన పడనివ్వదు, ఎండ సోకనివ్వదు. నాలుగువైపులా గాలి. పక్షి ఎన్ని తరాలుగా కట్టుకుంటూ వచ్చిందో, అడుగు వరసల్లోని కాడలు ముదురు తేనెరంగుకు తిరిగి ఉన్నాయి.

"పక్షి లేస్తే దాన్ని నీవైపుకు లాగు," అంది కేతకి. చెప్పులు విడిచి, బాకు పళ్ళతో కరుచుకుని స్తంభం ఎక్కసాగింది.

అప్పుడు గూటిలోంచి లేచింది కంకపక్షి. అది కొంగ జాతిదే గాని, రెక్క విప్పితే సరస్సులో సగానికి నీడ పడింది. ముక్కు నాగలికర్రంత ఉంది. కళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి. తిప్పన పుట్టి మధ్యలో నిలబడి డోలు బాదడం మొదలుపెట్టాడు. దారి పొడుగునా ఒక్కనాడూ తాళం తప్పకుండా వాయించనివాడు, ఇప్పుడు విలాసవర్మ ముఖాన్ని తలచుకుని బాదాడు. మోసం చేసినవాడి మీది కోపం, బుద్ధిలేక మోసపోయిన తన మీది కోపం, పొద్దుటి నుంచి పడ్డ తిట్ల మీది కోపం, అన్నీ కలిసి డోలులోంచి పిడుగుల్లా వెలువడ్డాయి. కంకపక్షి గిరుక్కున తిరిగి వాడిమీద పడింది. ఒక్క పోటుకు డోలు చర్మం చిరిగింది. రెండో పోటుకు పుట్టి తలకిందులైంది. తిప్పన నీళ్ళలో మునిగి ఇంకోచోట తేలి, పగిలిన డోలునే కొట్టి మళ్ళీ పిలిచాడు.

కేతకి గూటికింద వేలాడుతూ కాడలను ఒక్కొక్కటీ గోటితో మీటి చూస్తోంది. ఒకటి బొంగురుగా మోగింది. ఒకటి అసలే మోగలేదు. ఇంకొకటి కంచుగిన్నె మీటినట్టు ఖంగుమంది. అదే! బాకుతో కోసి లాగింది. గూడు కదిలింది. పక్షి వెనుదిరిగి చూసింది.

అది బాణంలా దూసుకువస్తుంటే కేతకి తప్పుకోలేదు. "ఒక్క కాడ!" అని అరిచింది దాని ముఖంమీదే. "నీ గుడ్లు ముట్టుకోలేదు, నీ గూడు కూల్చలేదు! మా నాన్న గొంతు కోసం ఒకే ఒక్క కాడ తీసుకున్నాను! చంపదలిస్తే చంపు!"

పక్షికి మాట అర్థమైందో లేదో, ఆ కేకకు ఒక్క రెప్పపాటు రెక్క ఆగింది. ఆ రెప్పపాటే చాలు. కేతకి చెయ్యి వదిలేసి సరస్సులోకి దూకింది. దూకేటప్పుడు దాని రెక్కకు తగిలి ఒక సన్నని ఈక ఆమె జడలో చిక్కుకుంది.

ఇద్దరూ ఈదుకుంటూ ఒడ్డు చేరాక, రెల్లుదుబ్బుల చాటున కూర్చుని, అమ్మ చేస్తుండగా చూసినట్టే ఆమె పీక చెక్కింది. కణుపు నుంచి వేలెడు ముక్క కోసి, నీళ్ళలో నాననిచ్చి, వేడి రాళ్ళ మధ్య నొక్కి చదును చేసింది. రాగి గొట్టానికి తొడిగి, నడికట్టులోంచి తీసిన పట్టుదారంతో బిగించి చుట్టింది. బాకుతో అంచులు పలుచన చేస్తూ, వెలుతురుకు ఎత్తి చూస్తూ, మళ్ళీ గీసింది. కంకపక్షి ఈక లోపల దూర్చి పొట్టు దులిపింది. తిప్పన పక్కనే కూర్చుని ఊపిరి బిగబట్టి చూశాడు. ఈసారి ఆమె ప్రతి పనికీ కారణం చెబుతూ చేసింది.

"ఇది పసిపీక," అంది చివరకు. "నగరం చేరేలోగా ఎండితే నోరు మూసుకుని పగులుతుంది. నీళ్ళలో ఉంచితే ఎక్కువ నాని నోరు తెరుచుకుంటుంది. రెంటికీ మధ్యన ఉండాలంటే ఒక్కటే చోటు. ఇక నాతో మాట్లాడకు. నేను జవాబు చెప్పలేను."

పీకను దవడలో పెట్టుకుని పెదవులు మూసింది.

పొద్దు వాలుతుండగా వాళ్ళు కృష్ణశిలా నగరంలో అడుగుపెట్టారు. నల్లరాతి మేడలు, నల్లరాతి తోరణాలు, వీధుల నిండా జనం. శబ్దం మాత్రం లేదు. బళ్ళు దొర్లుతున్న చప్పుడు, కాళ్ళ చప్పుడు, అంతే. పసిబిడ్డ నోరు తెరిచి ఏడుస్తోంది, వినిపించదు. కూరగాయలమ్మే ముసలామె వేళ్ళతో బేరం చెబుతోంది. భటుడొకడు ఆమె తట్టను కాలితో తన్ని పోతే, ఆమె నోరు ఎంతసేపు ఆడిందో! ఒక్క మాట బయటికి రాలేదు. కేతకి చూసింది. దవడలోని పీకమీద పళ్ళు పడబోయి, జాగ్రత్తపడి నాలుకతో పక్కకు జరిపింది.

హోమశాల ముందు చందనపు కట్టెల మోపులు మోస్తూ మూగ దాసీలు వరసకట్టి పోతున్నారు. కేతకి సన్నాయిని కట్టెల్లో దాచి, ఉత్తరీయాన్ని మేలిముసుగులా వేసుకుని ఆ వరసలో కలిసింది. తిప్పన మోపులు దించే కూలీగా వెనకనే నడిచాడు.

లోపల గుండం భగభగ మండుతోంది. చుట్టూ మెట్లమెట్లుగా శంఖాలు. తెల్లనివి, గులాబీరంగువి, చేతిగోరంత చిన్నవి కూడా. అన్నిటికంటే పైన, బంగారుపీఠం మీద మణిధర మహారాజు శంఖం. పీఠం పక్కన కరాళకంఠుడు నిలబడి ఉన్నాడు. ఎముకల దండ ధరించిన పొడుగాటి మనిషి, పొలుసులు తేలిన మెడ. వాడు ఒక్కో మాట ఒక్కో గొంతుతో పలుకుతున్నాడు. "కట్టెలు" అన్నది ఆడగొంతు, "తెండి" అన్నది పసిపిల్లవాడి గొంతు. ఆ పక్కనే పచ్చపట్టు పరిచిన ఆసనంమీద తాంబూలం నములుతూ విలాసవర్మ.

విలాసవర్మ చూపు దాసీల వరస వెంట నడిచి, ఒకచోట ఆగింది. లేచి వచ్చి ముసుగు తొలగించాడు.

"ఓహో! సన్నాయి విద్వాంసులవారు! మీసం ఏమైంది తల్లీ?" అన్నాడు నవ్వుతూ. "మా రౌతులు పనికిమాలినవాళ్ళు. పోనీలే. భరిణె నచ్చిందా?"

కేతకి అతని కళ్ళలోకి చూసింది. పీకను నాలుకతో దవడకు అదిమిపట్టింది.

"మాట్లాడవేం? నిన్ను కూడా పట్టుకుంది కాబోలు ఈ ఊరి గాలి. చూడు, నాకు మీ నాన్నమీద పగేమీ లేదు. ఎంత మాట అన్నా నవ్వేవాడు, పాపం. కానీ ఆయన సభలో మాట్లాడితే నా ప్రజలు కూడా వచ్చి వినేవారు. నేను మాట్లాడుతుంటే ఆవలించేవారు. ఏ రాజు భరిస్తాడు చెప్పు? మీ అమ్మ పోయినప్పుడు ఆయన ఏడ్చిన ఏడుపుకి నా అంతఃపురం కూడా ఏడ్చింది. అంత గొంతు ఒక్క మనిషికి ఎందుకు?"

అమ్మ మాట వినగానే కేతకి కళ్ళ నుంచి నీళ్ళు జలజల రాలాయి. అతను అవి భయంతో వచ్చినవనుకుని చెంప తట్టాడు. ఆమె ఒళ్ళంతా నిప్పయింది. అనవలసిన మాటలు గొంతుదాకా వచ్చి కుప్పపడ్డాయి. పెదవులు మాత్రం విప్పలేదు. వెనకనున్న తిప్పన మోపుతాడు పట్టుకున్న చేతి కణుపులు తెల్లబడ్డాయి.

కరాళకంఠుడు గుండంలో నెయ్యి పోసి మొదటి శంఖం ఎత్తాడు.

కేతకి మోపు నేలకు వేసి కొట్టింది. చందనపు చెక్కలు చెల్లాచెదరయ్యాయి. దవడలోంచి పీక తీసి, సన్నాయికి తొడిగి, నోటికి ఎత్తడం రెప్పపాటులో జరిగిపోయింది. చెప్పలేకపోయిన మాటలన్నీ ఊపిరిగా మారి అందులోకి పోయాయి.

షడ్జం లేచింది!

అది మంగళవాద్యపు షడ్జం కాదు. పొలిమేర దాటి వచ్చిన శత్రువును చూసి కోటబురుజు అరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. గుండంలో జ్వాల వెనక్కి వంగింది. మెట్లమీది శంఖాలు గడగడ వణికాయి. ఒకటి పగిలింది. దాని పక్కది పగిలింది. ఆపైన వడగళ్ళవాన మొదలైనట్టు హోమశాలంతా పెళపెళలు. పగిలిన ప్రతి శంఖం నుంచీ గొంతొకటి పక్షిలా లేచి, కిటికీల్లోంచి నగరం మీదికి ఎగిరిపోయింది.

తర్వాత కృష్ణశిలా నగరం మాట్లాడింది.

మొదట వినిపించింది కూరగాయల ముసలామె గొంతు. "ఓరి నీ చేతులు విరిగిపోను! నా తట్ట తన్నినవాడు ఏడిరా?" ఆ వెంటనే వీధి వీధంతా అందుకుంది. ఎన్నాళ్ళుగానో మింగిన తిట్లు, అడగలేకపోయిన ప్రశ్నలు, చచ్చినవాళ్ళకోసం ఏడవలేకపోయిన ఏడుపులు ఒక్కపెట్టున పైకి వచ్చాయి. భటులు బల్లేలు పారేసి పరుగెత్తారు. జనం వరదలా హోమశాలలోకి చొరబడ్డారు. విలాసవర్మ పచ్చశాలువా తలమీద కప్పుకుని దాసీల వెనక దూరబోయాడు. ఆ దాసీలే అతని జుట్టు పట్టుకున్నారు. "మహారాజునమ్మా!" అని అతను మొత్తుకున్నాడు. "అయితే ఇంకా గట్టిగా పట్టుకోండే!" అంది ఒకామె.

అయితే పైనున్న బంగారుపీఠం ఖాళీగా ఉంది.

కేతకి చుట్టూ వెతికింది. కరాళకంఠుడు మణిధరుడి శంఖాన్ని గుండెకు హత్తుకుని మేడమెట్లు ఎక్కుతున్నాడు. శంఖానికి అప్పటికే బీటలు పడ్డాయి. వాడు దాన్ని నోటికి ఆనించి, కల్లు తాగినట్టు గటగటా తాగేశాడు. ఖాళీ డొల్ల విసిరేసి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, కేతకీ," అన్నాడు.

అది తండ్రి గొంతు. అదే గాంభీర్యం. మాట చివర అదే చిన్న జీర. కేతకి చేతిలో సన్నాయి వాలిపోయింది.

"చాలు తల్లీ. అలసిపోయావు. ఊదడం ఆపు. నాకేం బాధ లేదు. ఇంటికి వెళ్ళిపో."

"అది వాడమ్మా! అయ్యగారు కాదు!" అని కింద నుంచి తిప్పన గావుకేక పెట్టాడు.

కేతకి కదలలేదు. తల పక్కకు వంచి విన్నది. ఎంత బాగుందో ఆ గొంతు! సభ నుంచి వచ్చి తన గది గుమ్మంలో నిలబడి పిలిచినట్టే ఉంది. సన్నాయి నేర్చుకునే రోజుల్లో శ్వాస అందక పెదవులు చిట్లి, నావల్ల కాదని సన్నాయి నేలకు కొట్టిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన తిట్టలేదు. ఓదార్చలేదు. సన్నాయి తీసి, పీక తుడిచి, మళ్ళీ చేతికిచ్చి "ఊదు" అన్నాడు.

"మా నాన్న," అంది కేతకి, ఒక్కో మాటా నమిలి ఉమ్మినట్టు, "నన్ను ఆపమని ఎన్నడూ అనలేదు."

మెట్లమీద పరుగు తీసింది. కరాళకంఠుడు మేడపైకి దూకి, అక్కడ పిట్టగోడ మీద చెక్కి ఉన్న రాతిగద్ద మెడ చరిచి మంత్రం చదివాడు. రాయి ఒళ్ళు విరుచుకుంది. రెక్కలు గరగరా విచ్చుకున్నాయి. వాడు వీపుమీదికి ఎక్కగానే గద్ద గాలిలోకి లేచింది. కేతకి పిట్టగోడ అంచు నుంచి ఎగిరి దాని తోక పట్టుకుంది. వెనకనే వచ్చిన తిప్పన ఇంకేమీ దొరక్క ఆమె నడికట్టు కొస పట్టుకున్నాడు.

నగరం కింద గిర్రున తిరిగిపోయింది. దీపాల్లేని నల్లని మేడలు, వీధుల నిండా చేతులెత్తి అరుస్తున్న జనం, సరస్సు, కొండలు, అన్నీ చిన్నవైపోయాయి. పడమట సూర్యుడు రక్తపుముద్దలా కొండల వెనక్కి జారుతున్నాడు. గాలి కొరడాలా కొడుతోంది. ఆ గాలికి పీక తడి ఆరడం కేతకికి తెలిసింది. అంచు బిగుసుకుంటోంది. ఇంకాస్త ఉంటే పగిలిపోతుంది. ఒక చేత్తో తోకను కరుచుకుని, ఇంకో చేత్తో నడుముకు దోపుకున్న సన్నాయి నుంచి పీక ఊడదీసి మళ్ళీ దవడలో పెట్టుకుంది.

"దిగిపో తల్లీ," అన్నది తండ్రి గొంతు ముందు నుంచి, ప్రేమగా. "పడిపోతావు. నీకేమన్నా అయితే నేను బతకగలనా?"

కేతకి పెదవులు బిగించింది.

"నోరు ముయ్యరా దొంగముండాకొడకా!" అని ఆమె కింద వేలాడుతున్న తిప్పన ఆకాశం దద్దరిల్లేలా అరిచాడు. "ఆ గొంతు నీది కాదు! అమ్మగారు మాట్లాడకూడదు గానీ నేను మాట్లాడతాను! ఎంతదూరం పోతావో పో, అంతదూరం తిడతాను!"

రాతిగద్ద మబ్బుల్లోకి దూరింది. తండ్రి గొంతు బతిమాలుతూనే ఉంది. తిప్పన తిడుతూనే ఉన్నాడు. కేతకి పీకను దవడలో పదిలంగా ఉంచుకుని, ఒక్కొక్క రాతి ఈకనూ పట్టుకుంటూ, ఆ గొంతు వినిపిస్తున్న వైపుకు పాకసాగింది.